స్క్వైర్ క్లాసిక్ వైబ్ స్ట్రాట్: నాఫ్లర్ పలుకు ఇందులో ఎక్కడిదాకా వస్తుంది?

డైర్ స్ట్రెయిట్స్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండును నడిపిన గిటారిస్టు మార్క్ నాఫ్లర్ పాటలు విని, అలాంటి పలుకు కోసం స్క్వైర్ (ఫెండర్ కంపెనీ చవక బ్రాండు) క్లాసిక్ వైబ్ సిక్స్‌టీస్ స్ట్రాటోకాస్టర్ కొందామనుకునేవాళ్లు ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఆయన పలుకుల్లో ఏ కాలం నాటిది కావాలి? 1978 నుంచి 1982 దాకా వచ్చిన డైర్ స్ట్రెయిట్స్ రికార్డుల తీరు కావాలంటే ఇది సరైన గిటార్. 1985 నాటి లావుపాటి, గరగరలాడే పలుకు కావాలంటే ఇది కాదు, ఎన్ని పెడళ్లు తగిలించినా కాదు. 1996 తర్వాత సొంత పేరుతో చేసిన ఆల్బమ్‌ల మెత్తటి వాయిద్యానికి సగానికి పైగా పనికొస్తుంది. ధర అర లక్షకు అటూ ఇటూ. హైదరాబాదులో కొని నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో తెచ్చుకున్నాక, మన ఎండకు, మన కరెంటుకు తగ్గట్టు దాన్ని సర్దుకోవడం ఇంకో పని. చాలామంది ఆ పని ఎగ్గొట్టి, గిటార్‌ను తిడతారు.

ఎరుపు రంగు కోసం పట్టుబట్టేవాళ్లకు ఒక మాట. నాఫ్లర్ 1949లో గ్లాస్గోలో పుట్టి న్యూకాజిల్ ప్రాంతంలో పెరిగారు. కుర్రతనంలో షాడోస్ బ్యాండ్ గిటారిస్టు హ్యాంక్ మార్విన్ చేతిలోని ఎర్ర స్ట్రాట్ మీద మనసు పడితే, తండ్రి 50 పౌండ్లు పెట్టి ఎర్ర రంగు హోఫ్నర్ కొనిచ్చారు. అసలు స్ట్రాట్ చేతికొచ్చింది 1977లో, ముప్పైకి దగ్గరపడ్డాక. అప్పటికే లీడ్స్‌లో విలేకరి ఉద్యోగం, అక్కడే ఇంగ్లిష్ డిగ్రీ, ఆ తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పడం అన్నీ అయిపోయాయి. కాబట్టి రంగు కోసం ఆగినా నష్టం లేదు గానీ, లాభమూ లేదు. క్లాసిక్ వైబ్‌లో ఎరుపు అన్నివేళలా దొరకదు. సన్‌బర్స్ట్‌లో ఉన్నా అదే చెక్క, తీగల కదలికను కరెంటుగా మార్చే అవే పికప్‌లు.

గిటార్ విషయానికొస్తే, 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు), సన్నగా ఎత్తుగా ఉండే 21 ఫ్రెట్లు, 9.5 అంగుళాల వంపున్న ఇండియన్ లారెల్ ఫింగర్‌బోర్డు, 42 మి.మీ. వెడల్పున ఎముక నట్ (మెడ కొసన తీగలు ఆనే గాడుల ముక్క), ఆల్నికో అయస్కాంతాల సింగిల్ కాయిల్ పికప్‌లు మూడు, ఐదు స్థానాల స్విచ్, ఆరు స్క్రూల పాతకాలపు ట్రెమోలో బ్రిడ్జ్ (బార్ నొక్కితే తీగల బిగువు మారే రకం). ఇదే కంపెనీ చవక రకమైన అఫినిటీలో పికప్‌లు సిరామిక్. వాటితో కూడా పాట వాయించవచ్చు, అయితే మెల్లగా మీటినా గట్టిగా మీటినా పలుకులో పెద్దగా మార్పు ఉండదు. నాఫ్లర్ వాయిద్యమంతా ఆ మార్పు మీదే నడుస్తుంది. ఎక్కువ డబ్బు పెట్టడానికి మా లెక్కలో కారణం అదొక్కటే. మిగతా అందాలు, పాత ఫెండర్ పోలికలు, మెరిసే నెక్ పాలిష్, అవి ఫొటోలకు.

కొన్నాక మొదట తీగలు మీటే ప్లాస్టిక్ ముక్కను, అంటే పిక్‌ను పక్కన పడేయాలి. నాఫ్లర్‌ది ఎడమచేతి వాటం, గిటార్ మాత్రం కుడిచేతివాళ్లలాగే పడతారు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే తీగల మీద పనిచేస్తాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు గిటార్ మీద ఆని ఉంటాయి. లావు తీగలు బొటనవేలు చూసుకుంటే, సన్న తీగలను మిగతా రెండూ కొద్దిగా పైకి లాగి వదులుతాయి. అలా లాగి వదిలిన తీగ ఫ్రెట్‌కు తగిలి ‘టక్’మంటుంది. ఆ ‘టక్’ లేకుండా ఏ యాంప్ పెట్టినా, ఏ పెడల్ తొక్కినా ఆ తీరు రాదు. గోళ్లు పెంచాల్సిన పని లేదు, వేలి కండతోనే మీటాలి. మొదటి రెండు మూడు వారాలు వేళ్ల కొసలు మండుతాయి, నోట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి, పిక్‌తో వచ్చిన వేగంలో సగం కూడా ఉండదు. అది మామూలే.

డైర్ స్ట్రెయిట్స్ తొలి ఆల్బమ్‌లోని సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్‌ను ఆయన మొదట నేషనల్ స్టీల్ అనే లోహపు రెసొనేటర్ గిటార్ మీద, తీగలు నొక్కకుండానే కార్డ్ మోగే ఓపెన్ ట్యూనింగ్‌లో కట్టారు. చప్పగా ఉందనిపించింది. స్ట్రాట్ కొన్నాక అదే పాట వేరే పాట అయింది. నేర్చుకునేవాళ్లు తిన్నగా చివరి సోలో మీదికి ఎగబడతారు. అక్కడున్నది డి మైనర్, బి ఫ్లాట్, సి తీగస్వరాలను (కార్డ్‌లను) సన్న తీగల మీద ఒక్కొక్క నోటుగా విడదీసి పరిగెత్తించడం, నిమిషానికి 150 బీట్ల దగ్గర. మెట్రోనోమ్‌ను 80 దగ్గర పెట్టి మొదలుపెట్టాలి. చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి పడుతున్నాయా, లేక ఒకే వేలు రెండుసార్లు పడుతోందా చూసుకోవాలి. నూటికి తొంభైమంది దగ్గర వేగం ఆగిపోయేది రెండోదాని వల్లే. ఎడమచేయి తప్పేమీ ఉండదు.

ఇక స్విచ్. ఆ సుల్తాన్స్ పలుకు బ్రిడ్జ్ పికప్, మధ్య పికప్ కలిసి మోగే చోటు నుంచి వచ్చిందే. పాత స్ట్రాట్లలో మూడు స్థానాల స్విచ్ ఉండేది. రెండు స్థానాల నడుమ దాన్ని ఇరికించి నిలబెడితే గాని రెండు పికప్‌లు కలిసేవి కావు. ఫెండర్ ఐదు స్థానాల స్విచ్ పెట్టడం మొదలుపెట్టింది 1977లో. క్లాసిక్ వైబ్‌లో ఆ కిరికిరి లేదు, బ్రిడ్జ్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్థానమే అది. గాలి చొరబడ్డట్టు, కొంచెం ముక్కుతో పలికినట్టు ఉండాలి. అలా లేకుండా మొద్దుగా ఉందంటే పికప్‌ల ఎత్తు చూడాలి. తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, పికప్ అయస్కాంతం పైభాగానికీ తీగ అడుగుకూ మధ్య ఎడం కొలవాలి. లావు తీగ వైపు 2.4 మి.మీ., సన్న తీగ వైపు 2 మి.మీ. దగ్గర మొదలుపెట్టి చెవితో సరిచేసుకోవాలి. పికప్ మరీ పైకి ఉంటే అయస్కాంతం తీగను లాగుతుంది. పైఫ్రెట్లలో లావు తీగ మీద ఒకే నోటు రెండు నోట్లలా వణుకుతుంది, ఎంత ట్యూన్ చేసినా కుదరదు. ఆ వణుకు విని ఫ్రెట్లు పాడయ్యాయనుకుని రిపేరుకు ఇచ్చేవాళ్లు ఉన్నారు.

యాంప్‌లో డ్రైవ్ పూర్తిగా తగ్గించి, ట్రెబుల్ ఆరు, మిడ్ ఐదు, బాస్ మూడు, రివర్బ్ రెండు దగ్గర పెట్టండి. తేలికగా పనిచేసే ఒక కంప్రెసర్ (గట్టి, మెల్లని నోట్ల తేడా తగ్గించే పెడల్) ఉంటే మంచిది. దాని అటాక్‌ను మరీ బిగిస్తే మాత్రం వేలి ‘టక్’ను మింగేస్తుంది.

1980 ఆల్బమ్ ‘మేకింగ్ మూవీస్’ నాటికి బ్యాండ్ న్యూయార్క్ పవర్ స్టేషన్ స్టూడియోకు చేరింది. రికార్డింగ్ నడుమనే తమ్ముడు డేవిడ్ తప్పుకున్నాడు. అక్కడి నుంచి పాటలు పొడవయ్యాయి. నోటు మొదట్లో తాకిడి వినిపించకుండా మెల్లగా ఉబికి వచ్చే వాల్యూమ్ ఆట పెరిగింది. స్ట్రాట్‌లో వాల్యూమ్ నాబ్ సన్న తీగకు బాగా దగ్గర. ఆని ఉంచిన చిటికెన వేలితోనే తిప్పవచ్చు. వాల్యూమ్ తగ్గించేకొద్దీ పలుకు మసకబారడం ఈ గిటార్‌లో ఉన్న చిన్న లోపం. వాల్యూమ్ పెడల్ వాడేవాళ్లకు ఈ బాధ ఉండదు. ఇక ఆ కాలపు రెసొనేటర్ గిటార్ పలుకు, ఓపెన్ జి లో మోగే ఆ లోహపు గిటార్ పలుకు, స్ట్రాట్ నుంచి రాదు. దాని మీద డబ్బు తగలేయకండి.

అసలు గండి 1985లో పడుతుంది. ఆ ఏటి ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ ఆల్బమ్ కరీబియన్ దీవి మాంట్‌సెరాట్‌లోని ఎయిర్ స్టూడియోలో రికార్డయింది. అట్ట మీద బొమ్మ 1937 నాటి నేషనల్ రెసొనేటర్‌ది. కానీ ఊరూవాడా విన్న ‘మనీ ఫర్ నథింగ్’ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పలుకు) గిబ్సన్ లెస్ పాల్‌ది, 1983లో తయారైన 1959 నమూనా. 2024 జనవరిలో క్రిస్టీస్ వేలంలో నాఫ్లర్ 120కి పైగా గిటార్లు, యాంప్‌లు అమ్మకానికి పెడితే మొత్తం 88 లక్షల పౌండ్లు దాటింది, అందులో ఈ లెస్ పాల్ ఒక్కటే 5,92,200 పౌండ్లు పలికింది. లెస్ పాల్‌లో హంబకర్ పికప్‌లు, అంటే రెండేసి కాయిల్స్. స్కేల్ 24.75 అంగుళాలు, తీగలు వదులుగా ఉంటాయి. స్ట్రాట్‌లోని ఒంటి కాయిల్‌ను ఎంత డ్రైవ్‌తో తోసినా సన్నగా గీరుతుందే తప్ప ఆ గొంతు రాదు. బ్రిడ్జ్ స్థానంలో సింగిల్ కాయిల్ సైజు హంబకర్ బిగించి, వా పెడల్‌ను సగం తొక్కి ఆపేస్తే కొంత దగ్గరికొస్తుంది. అయితే ఆ పికప్ మార్చగానే రెండో స్థానంలోని 1978 పలుకు పోతుంది. ఒకదాని కోసం ఇంకొకటి చెడగొట్టుకోవడమే. రెండూ కావాలంటే రెండు గిటార్లు కావాలి, ఆయన కూడా చేసిందదే.

1988లో న్యూయార్క్‌కు చెందిన రూడీ పెన్సా, జాన్ సుర్ ఆయన కోసం కట్టిన గిటార్‌లో ఈ రెండు లోకాలను ఒకే చెక్క మీద కలిపే ప్రయత్నం ఉంది: రెండు సింగిల్ కాయిల్స్, బ్రిడ్జ్ దగ్గర ఒక హంబకర్, మూడూ బ్యాటరీతో నడిచే ఈఎంజీ కంపెనీ రకం. ఆ ఏడాది జూన్‌లో వెంబ్లీలో మండేలా పుట్టినరోజు కచేరీలో కనిపించింది అదే. మన దగ్గర ఆ అమరిక కావాలంటే ‘హెచ్ఎస్ఎస్’ (ఒక హంబకర్, రెండు సింగిల్ కాయిల్స్) అని రాసి ఉన్న స్ట్రాట్ రకాలు చూడండి. ఆర్కెస్ట్రాలో రాత్రంతా అన్ని రకాల పాటలు వాయించేవాళ్లకు అవే మేలని మా అభిప్రాయం.

డైర్ స్ట్రెయిట్స్ 1995లో పూర్తిగా ముగిసింది. 1996 నుంచి 2024 దాకా ఆయన పది సొంత స్టూడియో ఆల్బమ్‌లు చేశారు. 2003 మార్చిలో లండన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలర్ ఎముక, పక్కటెముకలు విరిగి నెలల తరబడి గిటార్ పట్టలేకపోయారు. ఫెండర్ ఆయన పేరుతో ఎర్ర స్ట్రాట్ తెచ్చిందీ ఆ ఏడే. యాష్ చెక్క, టెక్సాస్ స్పెషల్ పికప్‌లు. ఇప్పుడది తయారీలో లేదు. 2005లో ముంబై, బెంగళూరు కచేరీలకు వచ్చారు. ఈ తర్వాతి కాలంలో వాయిద్యం బాగా నెమ్మదించింది, నోట్లు తగ్గాయి. క్లాసిక్ వైబ్‌లో నెక్ పికప్ ఒంటరిగా లేదా నాలుగో స్థానం పెట్టి, వాల్యూమ్ ఏడుకు దించి, బొటనవేలి కండతో మీటితే చాలావరకు దొరుకుతుంది. రెండో స్థానం కంటే ఈ గిటార్‌లో నెక్ పికప్పే మాకు ఎక్కువ నచ్చింది. గుండ్రంగా ఉంది, బురద లేదు.

ఇప్పుడు సెటప్. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గిటార్ ఓడలో, గోదాములో, లారీలో రకరకాల గాలులు తాగి వస్తుంది. నెక్ ఉన్నది ఉన్నట్టు ఉండదు. కొలవడానికి కావాల్సింది ఫీలర్ గేజ్. బైకు మెకానిక్‌లు ట్యాపెట్ సెట్ చేసే రేకులగుత్తి అదే, ఆటోమొబైల్ స్పేర్‌పార్టుల కొట్లో దొరుకుతుంది. తీగలు ట్యూన్‌లో ఉంచి, మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, లావు తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ఎనిమిదో ఫ్రెట్ పైన తీగ కింద 0.25 మి.మీ. రేకు ఆనీ ఆనకుండా దూరాలి. ఎడం ఎక్కువుంటే, నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ ట్రస్‌రాడ్‌ను కుడివైపు, తక్కువుంటే ఎడమవైపు తిప్పాలి. ఒకసారికి పావు చుట్టు, అంతకు మించొద్దు. మళ్లీ ట్యూన్ చేసి మళ్లీ కొలవాలి. కీ సరిగ్గా కూర్చోకుండా తిప్పితే నట్టు లోపలి అంచులు అరిగిపోతాయి, ఆ తర్వాత నెక్ మార్చడమే గతి. బిగుసుకుపోయి తిరగకపోతే అక్కడే ఆపేసి హైదరాబాదు తీసుకెళ్లండి.

తర్వాతే యాక్షన్, అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు. 17వ ఫ్రెట్ మీద తీగ అడుగు దాకా 1.6 మి.మీ. ఫెండర్ చెప్పే కొలత. వేళ్లతో లాగి మీటేవాళ్లకు లావు తీగల వైపు 1.8 దాకా ఉంచితే మంచిది. మరీ దించితే లాగిన ప్రతిసారీ నోటు నోట్లోనే చచ్చిపోతుంది. చివరగా ఇంటొనేషన్: 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన నోటు, అక్కడే తీగను నొక్కకుండా తాకి మోగించిన హార్మోనిక్ ఒకటి కావాలి. నొక్కిన నోటు హెచ్చుగా ఉంటే బ్రిడ్జ్ మీద తీగ ఆనే సాడిల్‌ను వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకు. ఈ వరుస తారుమారు చేస్తే చేసిన పని మళ్లీ చేయాల్సిందే.

ట్రెమోలో బ్రిడ్జ్ వెనక అంచు చెక్క నుంచి 3 మి.మీ. పైకి తేలేలా పెట్టడం ఫెండర్ పద్ధతి. అలా తేలుతున్న బ్రిడ్జ్ మీద ఒక తీగను సాగదీస్తే మిగతా తీగలన్నీ కాస్త దిగుతాయి. రెండు తీగలు కలిపి మోగిస్తూ ఒకదాన్ని సాగదీయడం నాఫ్లర్‌కు అలవాటు, అక్కడ అపస్వరం బయటపడుతుంది. బార్ వాడనివాళ్లు వెనక మూత తీసి, స్ప్రింగులు తగిలించిన క్లా స్క్రూలు రెండూ సమంగా బిగించి, బ్రిడ్జ్‌ను చెక్కకు ఆనించేయడం ఉత్తమం. బార్ వాడేవాళ్లు ముందున్న ఆరు స్క్రూలలో చివరి రెండే ఆనేలా ఉంచి, నడిమి నాలుగూ కొంచెం వదులు చేయాలి. ఆరూ బిగిస్తే బ్రిడ్జ్ ఇరుక్కుని, బార్ వదిలాక పాత చోటికి రాదు. నట్ గాడుల్లో పెన్సిల్ ముక్కు అరగదీసిన పొడి వేస్తే సగం ట్యూనింగ్ బాధ తీరుతుంది. ట్యూనింగ్ కీల కడ్డీ నడుమ నిలువు రంధ్రం ఉంటుంది. తీగను రెండు కీల దూరం పైన కత్తిరించి, కొసను అందులోకి దించి, రెండు మూడు చుట్లు కిందికి చుట్టాలి. పైకి చుడితే జారుతుంది.

నల్లగొండ పాత ఇళ్లలో అసలు పరీక్ష కరెంటుది. సింగిల్ కాయిల్ పికప్ అంటేనే చుట్టుపక్కల 50 హెర్ట్జ్ మోతను పట్టే యాంటెన్నా. ఫ్యాన్ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, ట్యూబ్‌లైట్ చోకు, పక్కింటి బోరు మోటారు, అన్నీ యాంప్‌లో వినిపిస్తాయి. చదరపు తరంగమిచ్చే చవక ఇన్వర్టర్ మీద యాంప్ నడిపితే ఆ బరబరకు పాటే వినబడదు. రెండో, నాలుగో స్థానాల్లో ఈ మోత తగ్గుతుందో లేదో కొనేటప్పుడే వినండి. మధ్య పికప్ తిరగేసి చుట్టి ఉంటేనే తగ్గుతుంది. తీగ ముట్టుకుంటే మోత తగ్గి, చేయి తీస్తే పెరిగితే గిటార్ లోపలి వైరింగ్ బాగానే ఉన్నట్టు. మోత కంటే ముఖ్యమైంది షాక్. బ్రిడ్జ్ ద్వారా తీగలు యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. సాకెట్‌కు ఎర్త్ లేకపోతే తీగలకు కరెంటు లీక్ కావచ్చు. పాడుతూ వాయించేవాళ్ల పెదవి మైకుకు తగిలితే, మైకు వేరే లైను మీద ఉంటే, దెబ్బ నోటి మీదే. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల బోర్డులో పెట్టే అలవాటు ఈ గిటార్‌తో వద్దు. మిక్సర్, యాంప్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద, ఆ బోర్డు ఎర్త్ ఉన్న సాకెట్ మీద ఉండాలి.

చర్చి క్వయర్లలో గిటార్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌లో గుచ్చి, ‘పలుకు మొద్దుబారింది’ అంటారు. ఈ పికప్‌లకు పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి. మిక్సర్ లైన్ ఇన్‌లో ఉండేది పది, ఇరవై వేలు. పైస్థాయి స్వరాలన్నీ అక్కడే పోతాయి. నడుమ ఒక యాక్టివ్ డీఐ బాక్సు (గిటార్ సంకేతాన్ని మిక్సర్‌కు తగ్గట్టు మార్చే పెట్టె) పెడితే మనిషి మారినట్టు మారుతుంది.

ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు, మేలో 44 డిగ్రీలు దాటే ఊరు. పొడిగాలికి ఫింగర్‌బోర్డు చెక్క ముడుచుకుని ఫ్రెట్ల కొసలు అంచున బయటికొస్తాయి, చేయి జార్చినప్పుడు గీరుకుంటుంది. లారెల్ చెక్కకు తీగలు మార్చినప్పుడల్లా రెండు చుక్కల ఫింగర్‌బోర్డు నూనె రాసి తుడిస్తే కొంత ఆగుతుంది. కొబ్బరినూనె వద్దు, జిడ్డుపట్టి దుమ్ము పేరుకుంటుంది. ఎయిర్‌కూలర్ గాలికి ఎదురుగా స్టాండు మీద నిలబెట్టడం ఇంకా చేటు. మధ్యాహ్నం తడిగాలి, కూలర్ ఆపాక పొడిగాలి, పొద్దుటికి నెక్ కదులుతుంది, తీగలు తుప్పెక్కుతాయి. కూలర్ ఉన్న గదిలో వాయించి, అయిపోగానే తుడిచి కేసులో పెట్టండి. మూసిన కారులో వదలొద్దు, తీగలు వదులైతే ట్యూన్ చేసుకోవచ్చు గానీ జిగురు మెత్తబడితే ఏమీ చేయలేం. మార్చిలో ఒకసారి, తొలకరి పడ్డాక ఒకసారి ఆ 0.25 మి.మీ. కొలత చూసుకోవాలి. తీగలు 9-42 సెట్టు, ఐదారు వందలు. చెమట చేతులవాళ్లు నెలా నెలన్నరకు మార్చాల్సిందే, చచ్చిన తీగ మీద ‘టక్’ రాదు.

కొనేటప్పుడు కొట్లోనే నాలుగు పనులు చేయండి. నెక్ అంచు పొడవునా అరచేయి జార్చి ఫ్రెట్ కొసలు గీరుకుంటున్నాయా చూడండి. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కి చచ్చిన నోటు ఉందా వినండి. సన్న తీగను 12, 15, 17 ఫ్రెట్ల దగ్గర ఒక స్వరం పైకి సాగదీసి, నోటు మధ్యలో తెగుతోందా చూడండి. స్విచ్ ఐదు స్థానాలూ, నాబ్‌లు మూడూ తిప్పుతూ చిటపటలు వినండి. సన్న తీగ నెక్ అంచు నుంచి జారిపోతుంటే నెక్ కాస్త పక్కకు బిగించారన్నమాట. నాలుగు స్క్రూలు కొంచెం వదులు చేసి జరిపితే సరిపోతుంది, కానీ ఆ పని కొట్టువాళ్ల చేతనే చేయించండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి, ఈ పరీక్షలన్నీ రిటర్న్ గడువు దాటకముందే ముగించాలి. నల్లగొండలో రోజూ గిటార్ సెటప్ చేసే చేయి దొరకడం కష్టం. నూరు కిలోమీటర్లు మోసుకెళ్లి మోసుకురావడం కంటే కొట్లో ఇంకో అరగంట నిలబడటం మేలు.

మొదటి గిటార్ కొనేవాళ్లకు మేం దీన్ని చెప్పం. వేళ్లు తిరగని దశలో అఫినిటీకీ దీనికీ తేడా తెలియదు, మిగిలిన డబ్బుతో మంచి చిన్న యాంప్, డీఐ బాక్సు, ఫీలర్ గేజ్, ఏడాదికి సరిపడా తీగలు వస్తాయి. ఏడాది, రెండేళ్లు వాయించి, పిక్ పక్కన పెట్టగలిగినవాళ్లు కళ్లు మూసుకుని కొనవచ్చు, చెవులు మాత్రం తెరిచే ఉంచి.